ఎముక అతుకుతున్నా కాలు మోపడం లేదు, రాత్రి నిద్ర లేదు... ఏం చేయాలి?

ప్రశ్న: మా ఆయన వయసు 36. చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఐదు నెలల క్రితం స్లాబు జారిపడి కుడి తొడ ఎముక విరిగితే ఒంగోలులో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఎముక బాగానే అతుకుతోందని డాక్టర్లు అంటున్నా ఆయన కాలు కింద మోపరు, మోకాలు వంచనివ్వరు. నిద్రలో కేకలు వేసి లేస్తారు. రాళ్ల లారీ చప్పుడు వింటే చెమటలు పడతాయి. జడుసుకున్నాడని మా అత్తగారు మంత్రం వేయించారు. మానసిక వైద్యుడికి చూపిద్దామంటే ‘నాకేమన్నా పిచ్చా’ అంటున్నారు.
– ఒక సోదరి, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, మీ అత్తగారు జడుపు అన్నది తీసిపారేయదగిన మాట కాదు. ప్రాణం మీదికి వచ్చిన ప్రమాదం తర్వాత కొన్ని వారాలపాటు పీడకలలు రావడం, ఉలిక్కిపడడం చాలామందిలో కనిపించి వాటంతట అవే తగ్గిపోతాయి. నెల దాటినా తగ్గకుండా, ఆ ఘటన పదే పదే కళ్ల ముందుకు వస్తూ, దాన్ని గుర్తుచేసే ప్రతిదానికీ మనిషి దూరంగా తొలగిపోతుంటే దానిని పీటీఎస్‌డీ అంటారు. దానికి తోడు డిప్రెషన్ కూడా తరచుగా ఉంటుంది. మీ ఆయనకు ఈ రెండింటి కోసమూ పరీక్ష అవసరం.

తొడ ఎముకకు రాడ్డు వేశాక ఎముక అతకడం సగం పనే. మోకాలు వంగడం, తొడ కండరం బలపడడం మిగతా సగం, అది రోగి రోజూ చేసే వ్యాయామం మీద ఆధారపడుతుంది. నొప్పి వస్తే లోపల ఏదో విరుగుతోందన్న భయంతో కాలు కదపకపోతే కండరం సన్నబడి మోకాలు బిగుసుకుపోతుంది. ఆ తర్వాత వంచబోతే నొప్పి మరింత ఎక్కువగా ఉంటుంది కాబట్టి తన భయమే నిజమని ఆయనకు రుజువైనట్లు అనిపిస్తుంది. నిద్ర లేని శరీరానికి అదే నొప్పి రెట్టింపుగా తోస్తుంది. దిగులుతో తిండి తగ్గి, బీడీ సిగరెట్లు పెరిగితే నికోటిన్ ఎముక అతకడాన్నే ఆలస్యం చేస్తుంది. ఎక్స్‌రే చూసి ‘బాగుంది, నడవండి’ అని పంపే మా ఎముకల వైద్యుల్లో నిద్ర పడుతోందా అని అడిగేవారు తక్కువ. ఆ లోపం మాదే.

అయితే నొప్పి అంతా మనసుదేనని ముందే తేల్చకూడదు. గాయం దగ్గర ఎరుపు, చీము, జ్వరం, పిక్కలో వాపు ఉన్నాయేమో, ప్రమాదంలో తలకు కూడా దెబ్బ తగిలిందేమో మొదట మీ సర్జన్‌తో చూపించండి. నిద్ర గురించి, భయం గురించి కూడా ఆ సర్జన్‌కే చెప్పి, మానసిక వైద్యుడికి ఆ సర్జన్ చేతే చీటీ రాయించండి. ‘కాలు త్వరగా కదలడానికి, నిద్ర పట్టడానికి వైద్యం’ అని చెబితే మీ ఆయన ఒప్పుకునే అవకాశం ఎక్కువ. అది అబద్ధం కూడా కాదు. ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

ఆ ఘటనను మెల్లమెల్లగా ఎదుర్కొనేలా చేసే కౌన్సెలింగ్ పీటీఎస్‌డీకి ప్రధాన చికిత్స. డిప్రెషన్ మాత్రలు రాస్తే గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, వారానికే ఆపేయవద్దు. నొప్పికి ట్రమడాల్ వాడుతుంటే ఆ సంగతి తప్పక చెప్పాలి, ఎందుకంటే కొన్ని డిప్రెషన్ మందులతో అది పడదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలు ఈ జబ్బును నయం చేయవు, అలవాటుగా మారతాయి. నొప్పి మాత్ర పనిచేసే వేళకు ఫిజియోథెరపీ పెట్టించి, మోకాలు ఎంత వంగిందో వారం వారం కాగితం మీద రాయించండి. తన కళ్లతో చూసిన అంకెను భయం అంత సులభంగా కాదనలేదు.

‘నేను పోయినా బాగుండేది’ వంటి మాట ఆయన నోట వస్తే ఒంటరిగా వదలకుండా, మాత్రలు అందనిచోట పెట్టి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మంత్రం గురించి మీ అత్తగారితో వాదన పెట్టుకోవద్దు. ఫిజియోథెరపీకి వెళ్లే రోజున ఆమెను కూడా వెంట తీసుకెళ్లండి, కొడుకు కాలు ఎంత వంచవచ్చో అక్కడివారే ఆమెకు చూపిస్తారు.