టోకెన్ ఇచ్చేశాం, అమరావతి ప్లాటు కొనమంటారా?

ప్రశ్న (2024 జూన్): మాది గుంటూరు. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ని, చేతికి 70 వేలు వస్తాయి. కొత్త ప్రభుత్వం వచ్చింది, రేట్లు పెరుగుతున్నాయి, ఇప్పుడు కాకపోతే మళ్లీ కొనలేమని అందరూ అంటుంటే తాడికొండ వైపు ఒక వెంచర్‌లో 150 గజాలు చూశాం. గజం 20 వేలు, మొత్తం 30 లక్షలు. మ్యూచువల్ ఫండ్లు అమ్మితే 12 లక్షలు, బంగారం మీద 6 లక్షలు, పర్సనల్ లోన్ 12 లక్షలు అనుకున్నాం. జూన్ 4న ఎన్నికల ఫలితాల రోజు మార్కెట్ పడ్డప్పటి నుంచి ఫండ్లంటే టెన్షన్‌గానే ఉంది. మా ఆవిడ బీఈడీ చేసింది, మెగా డీఎస్సీలో (టీచర్ పోస్టుల భర్తీ) ఉద్యోగం వస్తే ఈఎంఐ ఇబ్బంది ఉండదు. పాప తొమ్మిదో తరగతి. 50 వేలు టోకెన్ ఇచ్చాం. ముందుకెళ్లమంటారా?

జవాబు: వద్దండీ. అమరావతి మీద నమ్మకం లేక ఈ మాట అనడం లేదు. మీరు డబ్బు తెస్తున్న దారి బాగాలేదు.

ముందు మీ శ్రీమతి ఉద్యోగం సంగతి. 2024 జూన్ 13న ముఖ్యమంత్రి చంద్రబాబు తొలి సంతకం 16,347 పోస్టుల మెగా డీఎస్సీ ఫైలు మీదే పెట్టారు. కానీ 2024 జూన్ నాటికి నోటిఫికేషనే రాలేదు. పరీక్ష, మెరిట్, రోస్టర్ (రిజర్వేషన్ల వరుస) దాటి జీతం చేతికొచ్చేది ఎప్పుడో! బ్యాంకువాళ్లు మాత్రం వచ్చే నెల నుంచే కోసుకుంటారు. రాని జీతాన్ని ఈఎంఐ లెక్కలో వేయకండి.

ఇప్పుడు మీ జీతం ఒక్కటే పెట్టి చూద్దాం. పర్సనల్ లోన్ 14 శాతం మీద ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 28 వేలు. బంగారం మీద 10 శాతం అనుకున్నా నెలకు 5 వేలు వడ్డీ, అసలు అలాగే ఉంటుంది. 70 వేలలో 33 వేలు పోతే ఇల్లు గడవాలి, పాప ఫీజు కట్టాలి. పైగా రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం మీ లెక్కలో ఎక్కడా లేదు. పూర్తి ధరకు రాయించుకుంటే అదే 2 లక్షల 25 వేలు.

ఐదేళ్లలో లోన్‌కు కట్టేది 16 లక్షల 75 వేలు. బంగారం విడిపించడానికి వడ్డీతో 9 లక్షలు. ఆ 12 లక్షల ఫండ్లు ఏటా 11 శాతం పెరిగి ఉంటే 20 లక్షలయ్యేవి. రిజిస్ట్రేషన్ కూడా కలిపితే 48 లక్షలు. అంటే గజం 32 వేలకు అమ్ముడుపోతే మీకు లాభమూ లేదు, నష్టమూ లేదు. బ్రోకర్ ఈ సంగతి చెప్పడు లెండి.

అంతకు అమ్ముడుపోతుందా? పోవచ్చు. కానీ ఈ ప్రాంతం చరిత్ర మీకు నేను చెప్పాలా! 2015 అక్టోబరులో ఉద్దండరాయునిపాలెంలో ప్రధాని శంకుస్థాపన చేశారు. 2019 డిసెంబరు 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది. ఆ తర్వాత అమ్ముకోవాల్సిన వాళ్లు ఎంత అవస్థ పడ్డారో గుంటూరులో అందరూ చూశారు. రేటు చెప్పేవాళ్లు ఉన్నారు, డబ్బుతో వచ్చేవాళ్లు లేరు. ఈసారి అలా జరగకపోవచ్చు. అయినా మీ పాప ఇంజినీరింగ్‌లో చేరేది 2028లో, మీ లోన్ తీరేది 2029లో. ఫీజు కట్టాల్సిన నెలలోనే ప్లాటుకు బేరం తగలాలంటే కష్టం.

ఫండ్ల భయం కూడా పక్కన పెట్టండి. జూన్ 4న సెన్సెక్స్ దాదాపు 4,390 పాయింట్లు పడింది. 7వ తేదీకల్లా పడక ముందున్న చోటు దాటి కొత్త రికార్డులో ముగిసింది. ఆ ఫండ్లు పాప చదువుకే ఉంచండి. 2026 నుంచి కొద్దికొద్దిగా ఎఫ్‌డీలోకి మార్చుకోండి. బంగారం బీరువాలోనే ఉండనివ్వండి. స్థలం కొనాలనే ఉంటే నెలకు 15 వేలు పక్కన వేస్తూ ఏడాది ఆగండి. ఈలోగా కేంద్ర బడ్జెట్‌లో రాజధానికి ఏమిస్తారో, పనులకు టెండర్లు పడతాయో లేదో తెలుస్తుంది. రేటు కొంత పెరిగినా ఫర్వాలేదు.

ఇక టోకెన్. మీరు పంపిన రసీదు ఫొటో చూశాను. తెల్లకాగితం మీద వెంచర్ పేరు, 50 వేలు, ఒక సంతకం. సర్వే నంబరు లేదు, ప్లాటు నంబరు లేదు. సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) లేఅవుట్ అనుమతి, ఏపీ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు, 30 ఏళ్ల ఈసీ (ఆస్తి లావాదేవీలు, తాకట్టుల వివరాల పత్రం) చూపించమని అడగండి. ఆ సర్వే నంబరు 22-ఏ (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల) జాబితాలో ఉందేమో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి. (ల్యాండ్ టైట్లింగ్ చట్టం రద్దు ఫైలు మీద సంతకమైందని ఈ కాగితాలు వదిలేసేవాళ్లు తగులుతున్నారు. ఆ రెండింటికీ సంబంధం లేదు.) ఇవి చూపించకపోతే అదే కారణం చెప్పి డబ్బు వెనక్కి అడగండి, వాట్సాప్‌లో రాతపూర్వకంగా. ఇవ్వకపోతే ఆ 50 వేల కోసం మిగతా 29 లక్షల 50 వేలు కట్టొద్దు.