గ్యాస్ కనెక్షన్ ఉన్నా కట్టెల పొయ్యి ఎందుకు మానట్లేదు?

"ఇంటింటికీ గ్యాస్, కరెంటు వచ్చాయి కదా, పల్లెల్లో ఇంకా కట్టెల మీద వండటం అలవాటు మానలేకనేనా?" అని అడిగారు. అలవాటు కాదండీ, చేతిలో రొక్కం లేక.

మాది తెలంగాణలో, నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు మెట్ట ఊరు. మా అమ్మకు దీపం పథకంలో గ్యాస్ వచ్చింది. 1999లో మొదలైన ఆ పథకంలో మహిళా సంఘాల వాళ్లకు డిపాజిట్ ప్రభుత్వమే కట్టింది కానీ బండ అయిపోతే నింపించుకోవాల్సింది మనమే. కూలి డబ్బులు ఇంత ఇంత వస్తాయి, అదీ పని దొరికితే, బండకు మాత్రం ఒక్కసారే మొత్తం పెట్టాలి. పైగా బండి ఊళ్లోకి రాదు, రోడ్డు మీద దింపి పోతే అక్కణ్నుంచి ఆటో ఖర్చు మనదే. అందుకే గ్యాస్ చుట్టాలొస్తే చాయ్‌కి, వానలకు కట్టెలు తడిస్తే వంటకి. మిగతా రోజులన్నీ పత్తి కట్టె, కంది కట్టె, సర్కారు తుమ్మ. కట్టెలు ఊరికే వస్తాయంటారు గానీ వాటికోసం పోతే సగం రోజు కూలి పోయినట్టే, ఆ లెక్క ఎవరూ వేయరు.

2016లో కేంద్రం గ్యాస్ పథకం ఉజ్వల వచ్చినా ఇదే కథ. 2020 మే నుంచి సబ్సిడీ పడటం దాదాపు ఆగింది, 2022లో హైదరాబాద్‌లోనే బండ 1,100 దాటింది, ఉన్నవాళ్లు కూడా మళ్లీ పొయ్యి వెలిగించారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన 500 రూపాయల సిలిండర్ మంచిదే, కానీ ముందు పూర్తి ధర కట్టాలి, మిగతాది తర్వాత ఖాతాలో పడుతుంది. ఎన్ని బండలకు ఇస్తారన్నది అంతకుముందు మూడేళ్ల సగటు వాడకాన్ని బట్టి. అంటే డబ్బుల్లేక తక్కువ వాడినవాళ్లకు సబ్సిడీ బండలూ తక్కువే! ఈ రూల్ పెట్టినవాళ్లు కట్టెల మోపు ఎప్పుడైనా ఎత్తారో లేదో.

కరెంటుదీ ఇంచుమించు అంతే. పక్కనే సాగర్ డ్యామ్‌లో కరెంటు పుడుతుంటే మా ఇంట్లో గాసునూనె బుడ్డి ఉండేది. 80ల చివర్లో కుటీర జ్యోతి కింద పేదల ఇళ్లకు ఒక్క బల్బు ఇచ్చారు, బిల్లు బాకీ పడితే ఫ్యూజు పీక్కెళ్లేవాళ్లు. 2000లో చార్జీలు పెంచితే జనం రోడ్డెక్కారు, హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల దాకా పోయింది. 2004లో ఉచిత కరెంటు బోర్లకు వచ్చింది, అంటే భూమి ఉన్నవాళ్లకు. వలస పోయే కూలీ ఇంటికి అందులో ఏముంది?

అందుకే నా లెక్కలో మా ఊరి ఆడవాళ్లకు నిజంగా పనికొచ్చింది 2024 నాటి 200 యూనిట్ల జీరో బిల్లే, ఎందుకంటే ముందు కట్టేదేమీ లేదు. అది రాగానే మా వదిన రైస్ కుక్కర్ కొంది, అన్నానికి పొయ్యి ముట్టించడం మానేసింది. మీవాళ్లకు తెల్ల రేషన్ కార్డు ఉంటే ముందుగా నెల బిల్లులో ఎన్ని యూనిట్లో చూడండి. ఫ్యాను, టీవీ, నాలుగు బల్బులున్న ఇంట్లో వంద యూనిట్లు దాటడం కష్టం, కుక్కర్‌కి బోలెడు మిగులుతుంది. ఎండాకాలం కూలర్ పెడితే మాత్రం మీటర్ మీద కన్నేసి ఉంచండి, 200 దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే.