రెండో ఆయిల్ ఫిల్టర్ కోసం రెండు రూపాయల వడ్డీకి అప్పు చేయొచ్చా?

ప్రశ్న: అన్నా, మాది చీమకుర్తి. 2019 మోడల్ డీజిల్ సెవెన్ సీటర్ సొంతంగా బాడుగకి తిప్పుకుంటున్నా. గ్రానైట్ కొనడానికి వచ్చేవాళ్లను ఒంగోలు స్టేషన్‌లో ఎక్కించుకుని క్వారీలన్నీ తిప్పుతా, నెలకి 4,000 కిలోమీటర్లు పడతాయి. రీడింగ్ 1,62,000 దాటింది. ఒకాయన వచ్చి బండికి ఇంకో ఆయిల్ ఫిల్టర్ బిగిస్తాను, బైపాస్ ఫిల్టర్ అంటారు, లక్ష కిలోమీటర్లు ఆయిల్ మార్చే పనే ఉండదు అంటున్నాడు. బిగింపుతో కలిపి 26,000. ప్రతి 10,000కి 1,400 పెట్టి లోపలి కార్ట్రిడ్జ్ మార్చి, లీటరు ఆయిల్ కలుపుకుంటే చాలంట. ఇప్పుడు ఆయిల్ సర్వీసుకి 10,000 కిలోమీటర్లకోసారి 4,200 అవుతోంది. చేతిలో డబ్బు లేదు, తెలిసినాయన నూటికి రెండు రూపాయలకి ఇస్తానన్నాడు. తీసుకోనా?

జవాబు: అప్పు వద్దు తమ్ముడూ. అలాగని ఆ వస్తువు మోసమని అనను, అది నిజంగానే పనిచేసే వస్తువు. నీ బండికి, నీ లెక్కకి సరిపోదు, అంతే.

అదేం చేస్తుందో చెప్పి డబ్బుల్లోకి వస్తా. నీ బండికి కంపెనీ ఇచ్చిన ఫిల్టర్‌లోంచి ఇంజన్‌కి వెళ్లే ఆయిలంతా వెళ్లాలి, అందుకే దాని కాగితంలో రంధ్రాల్ని మరీ సన్నగా పెట్టలేరు, పెడితే ఇంజన్‌కి ఆయిల్ అందదు. సుమారు 20, 30 మైక్రాన్ల కంటే పెద్ద నలుసుల్ని బాగా పట్టుకుంటుంది, అంతకంటే చిన్నవి చాలావరకు జారిపోతాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు, మన తల వెంట్రుక 70 మైక్రాన్ల దాకా ఉంటుందనుకో. ఆ జారిపోయే చిన్న నలుసులే బేరింగ్‌ల దగ్గర, రింగుల దగ్గర మెల్లగా అరగదీస్తాయి. బైపాస్ ఫిల్టర్ ఏం చేస్తుందంటే పంపు నుంచి వచ్చే ఆయిల్‌లో కొద్ది భాగాన్ని, పదో వంతో అంతకంటే తక్కువో, పక్కకి లాగి బాగా చిక్కటి మెత్తలోంచి నిదానంగా వడకట్టి మళ్లీ చాంబర్‌లోకి, అంటే ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టిలోకి, వదులుతుంది, అలా తిరగ్గా తిరగ్గా మొత్తం ఆయిల్ శుభ్రపడుతుంది. పెద్ద జనరేటర్లకి, భారీ డీజిల్ ఇంజన్లకి కొన్నింటికి ఇది కంపెనీ నుంచే వస్తుంది.

అయితే ఆయిల్ పాడయ్యేది నలుసులతో ఒక్కటే కాదు. అందులో కలిపిన మందులు, అంటే మసిని ముద్ద కట్టకుండా విడదీసేవి, ఆమ్లాన్ని విరిచేవి, కిలోమీటర్లు తిరిగేకొద్దీ ఖర్చయిపోతాయి, వేడికి ఆయిల్ కూడా మారిపోతుంది. వడకడితే ఇవి తిరిగి రావు, చల్లని మజ్జిగ పులిసిపోయాక ఎన్నిసార్లు వడకట్టినా పులుపు పోదు కదా. కార్ట్రిడ్జ్ మార్చినప్పుడు లీటరు కొత్త ఆయిల్ పడుతుంది కాబట్టి కొంత మందు చేరుతుంది, నిజమే, దానికే లక్ష కిలోమీటర్లు అనేస్తే ఎలా? అన్నట్టు, ఆయన నీకు గుడ్డ మీద నల్లటి చుక్క వేసి చూపించే ఉంటాడు. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది, మసిని తనలో పట్టి ఉంచుతోందని దానర్థం. ఆ నలుపు చూసి ఆయిల్ చెడిందని ఎవరూ చెప్పలేరు, దానికి ల్యాబ్ పరీక్ష ఉంది, ఇనుము ఎంత, సిలికాన్ ఎంత, మసి ఎంత, చిక్కదనం ఎంత అని చూస్తారు.

ఇక లెక్క. ఏడాదికి 48,000 కిలోమీటర్లు, 10,000కోసారి 4,200 అంటే ఏడాదికి 20,160 నీ ఆయిల్ ఖర్చు. ఆయన చెప్పిన ప్రతి మాటా నిజమే అనుకుందాం. కార్ట్రిడ్జ్‌లకి ఏడాదికి 6,720, కలిపే ఆయిల్ లీటరు 400 అనుకుంటే 1,920, లక్షకోసారి చేసే సర్వీసులో ఏడాది వాటా 2,016, మొత్తం 10,656. మిగిలేది 9,504. బాగానే ఉందే అనిపిస్తుంది, కానీ నీది రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం, 26,000కి వడ్డీయే 6,240. మొదటి ఏడాది అసలుకి పోయేది 3,264. మిగిలిన ప్రతి రూపాయీ అప్పుకే కట్టినా తీరేసరికి ఐదేళ్లు పడుతుంది, అప్పటికి నీ రీడింగ్ 4 లక్షల కిలోమీటర్లు. అదీ అమ్మేవాడి మాట అక్షరాలా నిజమైతే!

నేను నమ్మగలిగిన లెక్క వేరు. ఫిల్టర్ పెట్టి, ఆయిల్‌ని 10,000 బదులు 20,000 దాకా వాడితే ఏడాదికి 10,080, కార్ట్రిడ్జ్‌లూ కలిపే ఆయిలూ మామూలే 8,640, మొత్తం 18,720. మిగిలేది 1,440. 26,000 పెట్టి ఏడాదికి 1,440 మిగుల్చుకోవడం ఏం బేరం? అలా వాడొచ్చో లేదో తేల్చుకోవడానికి ఏడాదికి రెండుసార్లు ల్యాబ్ పరీక్ష చేయిస్తే ఆ మిగులు కూడా ఎగిరిపోవచ్చు.

ఇంకో భయం ఉంది నాకు. ఆ ఫిల్టర్‌కి ప్రెజర్ ఆయిల్ ఒక రబ్బరు పైపులో వెళ్తుంది, ఇంకో పైపులో తిరిగొస్తుంది. మీ క్వారీ రోడ్ల గుంతల్లో ఆ పైపు రాసుకుని చిల్లి పడితే నిమిషాల్లో ఆయిలంతా రోడ్డు మీద ఉంటుంది, ఎర్ర లైటు చూసి నువ్వు బండి ఆపేలోపు ఇంజన్ పట్టేయొచ్చు. ఇన్సూరెన్స్ ఉందిగా అనుకోకు, మామూలు వాహన పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్‌కి, అరుగుదలకి డబ్బు రాదు, పైగా బయట బిగించిన వస్తువు వల్ల అయిందంటే ఇక మాట్లాడటానికేం ఉండదు. వారంటీలో ఉన్న బండివాళ్లు అసలు ఆ జోలికి పోవద్దు. బీఎస్6 డీజిల్ బండ్లలో కొన్నింటికి పొగగొట్టంలో ఉండే ఫిల్టర్ తనలో పట్టిన మసిని కాల్చుకునేటప్పుడు కాస్త డీజిల్ ఆయిల్‌లో కలుస్తుంది, కలిసిన డీజిల్‌ని ఈ ఫిల్టర్ తీయలేదు.

నీకు అసలు ప్రమాదం వేరే చోట ఉంది. చీమకుర్తిలో నీ ఇంజన్‌లోకి దుమ్ము వచ్చేది గాలి దారిలో. టిప్పర్ వెనక పోతుంటే అద్దం మీద ఏం పడుతుందో చూస్తూనే ఉంటావు, అదే రాతి పొడి ఎయిర్ ఫిల్టర్ దాటితే సిలిండర్ గోడని గీకి, తర్వాత ఆయిల్‌లో దిగుతుంది. ఆయిల్‌లో దిగాక 26,000 పెట్టి వడకట్టడం కంటే ముక్కు దగ్గరే ఆపడం చవక. ఒరిజినల్ ఎయిర్ ఫిల్టర్ వాడు, పుస్తకంలో రాసినదానికి సగం కిలోమీటర్లకే మార్చు, కంప్రెసర్ గాలి దగ్గరగా పెట్టి గట్టిగా కొట్టించకు, కాగితం చిరుగుతుంది. ఫిల్టర్ డబ్బా నుంచి ఇంజన్‌కి పోయే రబ్బరు గొట్టం క్లిప్పులు నెలకోసారి చేత్తో కదిపి చూడు, అక్కడ సందుంటే ఏ ఫిల్టరూ లెక్కలోకి రాదు.

ఆయిల్‌ని 10,000 దాకా లాగకు, 7,500కే మార్చెయ్. దుమ్ములో తిరిగే బండ్లకి త్వరగా మార్చమని చాలా కంపెనీల పుస్తకాల్లోనే ఉంటుంది. దీనికి ఏడాదికి 6,720 అదనం, నెలకి 560. నువ్వు ఆ అప్పుకి కట్టబోయిన మొదటి ఏడాది వడ్డీ 6,240 అని గుర్తుందా? ఇంచుమించు అదే డబ్బు, కాకపోతే వడ్డీవాడికి కాకుండా కొత్త ఆయిల్‌గా ఇంజన్‌లోకి పోతుంది. ఆయిల్, ఫిల్టర్ బిల్లు ఇచ్చే చోటే కొను, డబ్బా సీలు నీ కళ్ల ముందే తీయించు.

ఇంకోటి, ఈ రోజు నుంచే కిలోమీటరుకి రూపాయి పక్కన పెట్టు. బాడుగలో డీజిల్ ఖర్చు తీస్తున్నట్టే ఇదీ తీసి, నెలకి 4,000 బ్యాంకులో ఆర్‌డీ వేసెయ్, రెండున్నరేళ్లకి వడ్డీ కాకుండా 1,20,000. నా దగ్గరకి లెక్కలు తెచ్చే ట్రావెల్స్ వాళ్లని చూస్తే బేరింగ్‌లు అరిగి కూర్చున్నవాళ్లు తక్కువ, టర్బో, ఇంజెక్టర్లు, క్లచ్ ఒకేసారి పడి, చేతిలో పైసా లేక వడ్డీకి పరిగెత్తినవాళ్లు ఎక్కువ. నేనూ ఒకప్పుడు నెల్లూరులో ఒక షాపులో డీజిల్ పైపుకి అయస్కాంతం బిగించుకుని మైలేజీ పెరుగుతుందని ఆరు నెలలు లీటర్లు రాసుకున్నా, పెరిగింది పుస్తకంలో పేజీలే.

మీ బంధువుల్లో ఎవరికైనా క్వారీలో పొక్లెయిన్ ఉంటే మాత్రం ఈ ఫిల్టర్ సంగతి వాళ్లకి చెప్పు. అక్కడ ఒక్కసారి మారిస్తే 25, 30 లీటర్లు పోయాలి, గంటల లెక్కన తరచూ మార్చాలి, ఇంజన్ ఖరీదు నీ బండి ఖరీదంత ఉంటుంది, అప్పుడు 26,000 ఎక్కువేం కాదు, ల్యాబ్ పరీక్ష కూడా గిట్టుబాటే. వాళ్లు కొన్నా పెద్దింజన్లకి వాడే రకం కొనాలి, నీకు చూపించినది కాదు.