మందుల సంచి మర్చిపోకు

చిట్టీ,

అమ్మకి ఆర్నెల్లుగా మోషన్ ఫ్రీగా అవట్లేదని, అరటిపళ్ళు, వేడినీళ్ళు, ఇసబ్‌గోల్ అన్నీ అయిపోయాయని చెప్పావు కదా. ఇక వంటింటి వైద్యం ఆపి డాక్టరుకి చూపించు.

ఒకరోజు అవకపోతేనే జబ్బనుకోకండి. వారానికి 3 సార్లకంటే తక్కువైనా, ముక్కి ముక్కి మేకపెంటికల్లా గట్టిగా వస్తున్నా అది మలబద్ధకమే. అపాయింట్‌మెంట్ మంగళవారం అన్నావుగా, అప్పటిదాకా ఎప్పుడయ్యిందో, ఎలా ఉందో కాయితం మీద రాయించు. అక్కడికెళ్ళాక అమ్మ సిగ్గుపడి "బానే ఉందండీ" అనేస్తుంది, నాకు తెలుసు.

ఆవిడ వేసుకునే మందులన్నీ అట్టలతో సహా సంచిలో వేసుకెళ్ళు. ఐరన్, కాల్షియం మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, కొడీన్ ఉన్న దగ్గుమందు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి.

మీ పెద్దనాన్న సంగతి చెప్పనా? రెండేళ్ళు మోషన్ అవ్వడానికి రాత్రిపూట పొడి కలుపుకుని తాగారు. ఎప్పుడూ చలి, నిద్రమత్తు, ఒళ్ళు రావడం. వయసులే అనుకున్నాం. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన నాకే తట్టలేదు! చివరికి టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్ బాగా తక్కువగా పనిచేస్తోందని తేలింది. అందుకే థైరాయిడ్, షుగర్, కాల్షియం, హిమోగ్లోబిన్ చూడాలా అని అడుగు.

డాక్టరు గ్లవ్ వేసుకుని వేలితో చూస్తానంటే వద్దనవద్దు. ఒక్క నిమిషం పని. లోపల గట్టిపడిన మలం, మొలలు, గడ్డ ఉంటే చాలాసార్లు అక్కడే తెలుస్తుంది.

కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, అందరికీ అక్కర్లేదు. కానీ అమ్మకి 58, ఇది కొత్తగా మొదలైంది కాబట్టి రాయొచ్చు, కంగారుపడకండి. రక్తం పడుతున్నా, బరువు తగ్గుతున్నా, రక్తం తక్కువున్నా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా తప్పకుండా చెప్పు. రక్తం పడితే మొలలేలే అనుకుని ఊరుకోవద్దు.

అన్నీ నార్మల్ వచ్చి మందులకీ లొంగకపోతే, ముక్కేటప్పుడు వదులవ్వాల్సిన కండరాలు బిగుసుకుంటున్నాయేమో మానోమెట్రీ అనే, లోపలి ఒత్తిడి కొలిచే పరీక్షతో చూస్తారు. అదే అయితే వ్యాయామం నేర్పిస్తారు, బాగానే పనిచేస్తుంది.

ఈలోగా పొట్ట ఉబ్బి, వాంతులై, గ్యాస్ కూడా పోకపోతే మంగళవారం దాకా ఆగకు. విరేచనాల మందు పోయకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళు.

సంచి సర్దాక మందుల అట్టలు ఫోటో తీసి నాకు పంపు.

మీ పెద్దమ్మ