ఎల్‌డీహెచ్ పెరిగితే పాప మెదడు దెబ్బతిన్నట్టేనా?

ప్ర: మా పాప పుట్టగానే ఏడవలేదు. పది రోజులు ఎన్‌ఐసీయూలో ఉంచారు. మూడో రోజు రక్తపరీక్షలో ఎల్‌డీహెచ్ 1,100 వచ్చింది. సీకే-ఎంబీ కూడా ఎక్కువే. ఇప్పుడు పాపకు నెలన్నర, పాలు బాగానే తాగుతోంది. ఆ రిపోర్టు చూసినప్పుడల్లా టెన్షన్. బుద్ధి మందగిస్తుందా? పరీక్ష మళ్లీ చేయించాలా?
- ఒక తల్లి, ఖమ్మం

జ: మళ్లీ చేయించే పని లేదమ్మా. ఎల్‌డీహెచ్, సీకే-ఎంబీ (సీకేలో ఒక రకం) కణాల లోపల ఉండే ఎంజైములు. ఆక్సిజన్ అందక కణం దెబ్బతింటే బయటికి వచ్చి రక్తంలో కలుస్తాయి, కొద్ది రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. ఇప్పుడు నార్మల్ వచ్చినా మెదడు సంగతి తెలియదు.

రిపోర్టులో పక్కన అచ్చువేసే నార్మల్ అంకెలు చాలాచోట్ల పెద్దవాళ్లవి. ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకూ ఎల్‌డీహెచ్ అంతకంటే ఎక్కువే ఉంటుంది. సీకే అయితే మామూలు కాన్పులో కండరాలు నలిగినా పెరుగుతుంది. మడమకు గుచ్చి, పిండి తీసిన రక్తంలో ఎర్రకణాలు చితికినా ఎల్‌డీహెచ్ ఎగబాకుతుంది. అలాగని మీ పాప అంకెను కొట్టిపారేయను. పుట్టగానే ఏడవని బిడ్డ కాబట్టి ఆక్సిజన్ కొరత ఒంటికి తగిలి ఉండొచ్చు. అయితే ఊపిరి అందనప్పుడు శరీరం ఉన్న రక్తాన్ని ముందు మెదడుకు, గుండెకు మళ్లిస్తుంది. కాలేయం, కిడ్నీలు, పేగులు పస్తుంటాయి. ఎల్‌డీహెచ్ ఈ అవయవాలన్నిటిలోనూ ఉంటుంది. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ అంకె చెప్పదు.

డిశ్చార్జి సమ్మరీ తీసి చూడండి. ఫిట్స్ వచ్చాయా, మొదటి రోజుల్లో మగతగా ఉందా, 72 గంటలు ఒళ్లు చల్లబరిచే చికిత్స చేశారా, ఎమ్మారై తీస్తే ఏం రాశారు... మెదడు గురించి చెప్పేవి ఇవి. పాలు బాగా తాగుతోందన్నారే, నాకు ఎల్‌డీహెచ్ కంటే ఆ మాటే ఎక్కువ నచ్చింది. పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం ఒక వరసలో సాగించేది మెదడే మరి. అంతమాత్రాన పూర్తి భరోసా ఇవ్వలేను. పాప ఎదుగుదలను చూస్తూ ఉండాలి.

రెండు నెలలు నిండేసరికి మిమ్మల్ని చూసి నవ్వాలి, నాలుగు నెలలకు మెడ నిలపాలి. మూడు నెలలు దాటాక కూడా పిడికిళ్లు ఎప్పుడూ బిగించే ఉన్నా, కాళ్లు బిర్రుగా ఉండి డైపర్ మార్చడం కష్టమైనా పిల్లల డాక్టరుకు చూపించండి. వినికిడికి బెరా పరీక్ష చేయకపోతే ఇప్పుడు చేయించండి. వెళ్లిన ప్రతిసారీ తల చుట్టుకొలత రాయించుకోండి. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే) కేంద్రం ఉంటే ఫిజియోథెరపీ ఉచితంగానే దొరుకుతుంది.

చూపు ఒకేవైపు నిలిపేసి చెయ్యో కాలో ఆగకుండా కొట్టుకుంటుంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. వీలైతే ఫోన్‌లో వీడియో తీయండి, డాక్టరుకు పనికొస్తుంది.