క్రైమ్ సిరీస్‌లు చూసి ఫోరెన్సిక్ చదువుతానంటోంది, మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి స్కూలు చదువు ఈ ఏడాదితో అయిపోతుంది. క్రైమ్ సిరీస్‌లు చూసీ చూసీ ఇప్పుడు ఫోరెన్సిక్ సైన్సే చదువుతానని పట్టుబట్టి కూర్చుంది. మావారేమో "అదంతా టీవీ పిచ్చి, ఆర్నెల్లలో దిగిపోతుంది" అంటున్నారు. మీడియా పిల్లల్ని ఇంతగా మార్చేస్తుందా? దీన్ని ఎలా మాన్పించాలి?

జవాబు: మాన్పించే పని పెట్టుకోకండి. టీవీ చూసి పుట్టినంత మాత్రాన అది దొంగ కోరికేం కాదండీ. ఏ ఉద్యోగం గురించైనా మనకు తెలిసేది అయినవాళ్ల ద్వారా, లేదంటే తెర మీద. ఇంట్లో ఫోరెన్సిక్ నిపుణులు లేనప్పుడు ఆ పిల్ల ఇంకెక్కడ చూస్తుంది? 1993లో మొదలైన అమెరికా టీవీ సిరీస్ 'ది ఎక్స్ ఫైల్స్'లో డానా స్కల్లీ అని డాక్టర్ చదివిన ఎఫ్‌బీఐ (అక్కడి దర్యాప్తు సంస్థ) ఏజెంట్ పాత్ర ఒకటుంది. ఆ పాత్రను చూసే సైన్సు వైపు వచ్చామని చెప్పుకునే ఆడవాళ్లు ఎందరో ఉన్నారు, దానికి 'స్కల్లీ ఎఫెక్ట్' అని పేరు కూడా పడింది.

మీ అమ్మాయి విషయంలో చూడాల్సింది ఆ సిరీస్ ఏం చూపించకుండా కత్తిరించేసిందన్నది. తెర మీద ఒకే మనిషి హత్య జరిగిన చోటికి వెళ్తాడు, ల్యాబ్‌లో టెస్టు చేస్తాడు, అనుమానితుణ్ణి నిలదీస్తాడు, చివరికి అరెస్టు దగ్గరా తనే ఉంటాడు. నిజంగా ఇవి వేర్వేరు మనుషుల పనులు. ల్యాబ్‌లో పనిచేసే ఆవిడ నేరం జరిగిన చోటు ఎలా ఉంటుందో చూడనే చూడకపోవచ్చు. ఆవిడ దగ్గరికి సీలు వేసిన ప్యాకెట్ వస్తుంది. సీలు చెక్కుచెదరలేదని చూసుకుని, ఫొటో తీసి, ఎవరి చేతి నుంచి ఎప్పుడు అందిందో రాసుకుని, అప్పుడు గానీ ప్యాకెట్ విప్పదు. శాంపిల్‌తో పాటు రసాయనాలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో తేల్చే శాంపిళ్లు కూడా పరీక్షించాలి, ప్రతి అడుగూ కాగితం మీద పెట్టాలి, ఇంకొకరు దాన్ని సరిచూడాలి, ఆ తర్వాత ఎప్పుడో నెలలు గడిచాక కోర్టుకు పిలిస్తే అవతలి లాయరు ఆ కాగితాల్లోంచే తప్పులు వెతుకుతాడు. వేలిముద్ర పెట్టగానే కంప్యూటర్ తెర మీద నేరస్థుడి ఫొటో వెలగడం కూడా సిరీస్‌ల మాయే. కంప్యూటర్ దగ్గరగా ఉన్న ముద్రలు కొన్ని ఏరి ఇస్తుంది, గీత గీత పోల్చి తేల్చాల్సింది మనిషే. పైగా డీఎన్ఏ తప్పిస్తే చాలా ఫోరెన్సిక్ పద్ధతులకు సరైన శాస్త్రీయ పరీక్ష జరగలేదని అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ 2009లో నివేదికే ఇచ్చింది. ఈ సంగతి ఏ ఎపిసోడ్‌లోనూ రాదు కదా.

ఇదంతా మీ అమ్మాయికి చెప్పి చూడండి. "అబ్బా, ఇంత రాతపనా" అని నీరుగారిపోతే తనకు నచ్చింది కథ అనుకోవచ్చు. కళ్లు మెరిస్తే మాత్రం అడ్డం పడకండి.

ఇక మీవారి సంగతి. ఆయన మనసులోనూ 'మంచి ఉద్యోగాల' లిస్టు ఒకటి ఉండే ఉంటుంది, అదెక్కడి నుంచి వచ్చిందో ఒకసారి ఆయన్నే అడగండి. ర్యాంకుల ప్రకటనలు, లక్షల జీతం వచ్చిందన్న వార్తలు, టాపర్ల ఇంటర్వ్యూలు... అదే చదువు చదివి మామూలుగా బతుకుతున్నవాళ్లను ఎవరూ ఇంటర్వ్యూ చేయరు. మెక్‌కూంబ్స్, షా అనే ఇద్దరు పరిశోధకులు 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు ఇంకా ఎటూ తేల్చుకోని ఓటర్లను ఏ విషయాలు ముఖ్యమనుకుంటున్నారో అడిగి చూశారు. వార్తల్లో వేటికి ఎక్కువ చోటు దక్కిందో, ఓటర్లు ముఖ్యమనుకున్నవీ దాదాపు అవే. 1972లో అచ్చయిన ఆ పరిశోధన చెప్పేది పిల్లలకే కాదు, పెద్దవాళ్లకూ వర్తిస్తుంది. ఇప్పుడైతే ఫోన్‌లో వచ్చే ఫీడ్ ఇంకో మెట్టు పైకెక్కింది, ఫోరెన్సిక్ రీల్స్ రెండు చూస్తే చాలు, అలాంటివే వరసపెట్టి వస్తుంటాయి, లోకమంతా అటే పోతోందనిపిస్తుంది. ఆయన ఫోన్‌లో ఇంకేవో వస్తుంటాయి. ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని రెండు వేరు లోకాలు చూస్తున్నారన్నమాట, వాదన తెగకపోవడంలో వింతేముంది.

కెమెరా పోని ఉద్యోగాలూ బోలెడున్నాయి. మందుల నాణ్యత చూసే ల్యాబ్, తాగునీటి పరీక్షలు, ఆహారంలో కల్తీ కనిపెట్టే పని, ఆసుపత్రి ల్యాబ్... అవే పరికరాలు, దాదాపు అదే ఓపిక. వీటి మీద సిరీస్ ఎవరూ తీయరు కాబట్టి పిల్లల లిస్టులోకే రావు. అందుకే నా సలహా, డిగ్రీలో కెమిస్ట్రీ గానీ బయాలజీ గానీ గట్టిగా చదవనివ్వండి, స్టాటిస్టిక్స్ కూడా ఉంటే మరీ మంచిది. ఫోరెన్సిక్ మాస్టర్స్‌లో తీసుకోవచ్చు. మధ్యలో మనసు మారినా ఆ డిగ్రీ చాలా చోట్ల పనికొస్తుంది. మొదటి ఏడాది నుంచే ఫోరెన్సిక్ పేరున్న కోర్సులో చేరాలంటే సిలబస్ తెప్పించుకుని ల్యాబ్ గంటలు ఎన్నో లెక్క చూడండి. బ్రోషర్ మీద భూతద్దం పట్టుకున్న అమ్మాయి ఫొటో ఉంటే ఇంకాస్త అనుమానంగా చూడండి.

ఈ లోగా ల్యాబ్‌లో పనిచేసే ఎవరికైనా మీ అమ్మాయి చేత మెయిల్ రాయించండి. "మీ ఉద్యోగం ఎలా ఉంటుంది" అని అడిగితే గొప్పలే వస్తాయి, "నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు" అని అడగమనండి. బయటివాళ్లను లోపలికి రానిచ్చే కోర్టు దగ్గర్లో ఉంటే, నిపుణుల సాక్ష్యం జరిగే రోజు కనుక్కుని వెళ్లి వినండి. మీవారిని కూడా తీసుకెళ్లండి, ఆయన చూసే లోకమూ కాస్త మారుతుంది.