ముందు విలీనమా, ముందు నోటిఫికేషనా?

ప్రశ్న: మాది కర్నూలు నగరాన్ని ఆనుకుని ఉన్న పల్లె. హైవే పక్కన మా పొలాల్లో గోదాములు, లారీల యార్డుతో లాజిస్టిక్స్ హబ్ వస్తుందంటున్నారు. ఊరిని కార్పొరేషన్‌లో కలిపేస్తారనీ అంటున్నారు. మాకు కొళాయి నీళ్లు మూడు రోజులకోసారి వస్తాయి, మురుగు కాలువల్లేవు. కలిస్తే బాగుపడతామని కొందరు, పన్నులు తప్ప ఏమీ రావని కొందరు. నాకు 2 ఎకరాల 40 సెంట్ల డీకేటీ పట్టా (ప్రభుత్వం సాగుకు ఇచ్చిన అసైన్డ్ భూమి) ఉంది. దానికి పరిహారం రాదట. గ్రామసభలో ఏమనాలి?

జవాబు: డీకేటీ భూమికి పరిహారం రాదన్న మాట నమ్మకండి. అసైన్డ్ భూమిని ప్రజావసరానికి తీసుకున్నా, సొంత పట్టా భూమి ఉన్న రైతుకిచ్చినట్టే మార్కెట్ విలువ, సొలేషియం (భూమిని బలవంతంగా తీసుకున్నందుకు విలువ మీద అదనంగా ఇచ్చే మొత్తం) ఇవ్వాలని మేకల పాండు కేసులో మన హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే తేల్చింది. పట్టా కాగితం, అడంగల్ (సాగు రికార్డు), 1బి (హక్కుల రికార్డు) నకళ్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. సాగులో మీరున్నట్టు రికార్డు చూపించాలి.

మీ ఊళ్లో వాదులాట కలవాలా వద్దా అని. నేనైతే ఏది ముందు జరుగుతుందని అడుగుతాను. 2013 భూసేకరణ చట్టంలో మార్కెట్ విలువ కట్టేది సెక్షన్ 11 నోటిఫికేషన్ (భూమి సేకరించబోతున్నామని ఇచ్చే ప్రాథమిక ప్రకటన) తేదీ నాటికి. ఆ విలువను గ్రామీణ ప్రాంతమైతే 1 నుంచి 2 దాకా ఉండే గుణకంతో హెచ్చిస్తారు. పట్టణ ప్రాంతానికి గుణకం 1 మాత్రమే. ఎకరా 10 లక్షలు, గుణకం 1.25 అనుకుందాం. పల్లెగా ఉంటే 12.5 లక్షలు, దానికి నూరు శాతం సొలేషియం కలిపి 25 లక్షలు. నోటిఫికేషన్‌కు ముందే కార్పొరేషన్‌లో కలిస్తే 20 లక్షలు. మీ పొలం మీద తేడా 12 లక్షలు! ‘సిటీలో కలిస్తే రేటు పెరుగుతుంది కదా’ అంటారు. పెరగొచ్చు. కానీ లెక్కకు తీసుకునే దస్తావేజులు అంతకుముందు మూడేళ్లవి. స్టాంపు ఖర్చు మిగుల్చుకోవడానికి మనవాళ్లు తక్కువ రేటుకు రాయించుకున్న దస్తావేజులే ఇక్కడ ఎదురు తిరుగుతాయి.

విలీనాన్ని గ్రామసభ తీర్మానంతో ఆపగలమనుకోకండి. రాజ్యాంగం 243-క్యూ ప్రకారం ఆ నిర్ణయం ప్రభుత్వానిది. అది శాసన స్వభావమున్న పని కాబట్టి ఊరి వాదన విని తీరాలన్న నియమం వర్తించదని థానే కలెక్టర్ కేసులో 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా తీర్మానం వృథా కాదు, రికార్డులో ఉంటుంది. ఇంకో సంగతి: ఊరు నగరంలో కలిస్తే ఉపాధి హామీ పని పోతుంది, ఆ చట్టం గ్రామీణ ప్రాంతాలకే. భూమి లేని కూలీలకు ఈ మాట ముందే చెప్పండి.

హబ్ ఎవరిదో కూడా కనుక్కోండి. ఓర్వకల్లులో 2,621 ఎకరాల పారిశ్రామిక నోడ్‌కు కేంద్ర కేబినెట్ 2024 ఆగస్టులో ఆమోదం తెలిపింది. మీది అలాంటి ప్రభుత్వ ప్రాజెక్టా, లేక కంపెనీ సొంతంగా కొంటోందా? ప్రభుత్వం సేకరిస్తే పైన చెప్పిన లెక్క వర్తిస్తుంది. ప్రభుత్వ ప్రాజెక్టే అయినా సామాజిక ప్రభావ అంచనా జరుగుతుందని కూర్చోకండి. 2018 రాష్ట్ర సవరణతో చాలా ప్రాజెక్టులకు దాన్ని మినహాయించే వీలొచ్చింది. అంటే మీ చేతికొచ్చే మొదటి కాగితం 11 నోటిఫికేషనే కావచ్చు. దాని మీద అభ్యంతరానికి 60 రోజుల గడువుంటుంది.

కంపెనీ తరఫున బ్రోకరు ‘అడ్వాన్సు తీసుకో, అగ్రిమెంటు రాసుకుందాం’ అంటే సంతకం పెట్టొద్దు. 1977 చట్టం అసైన్డ్ భూమి అమ్మకాన్ని నిషేధిస్తోంది. 20 ఏళ్లు దాటిన వాటికి 2023లో సడలింపు వచ్చినా, 22ఏ జాబితాలోంచి (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) మీ సర్వే నంబరు తీసేదాకా రిజిస్ట్రేషన్ కాదు. సంతకం మాత్రం మీ మెడకు చుట్టుకుంటుంది.

అవార్డు (పరిహారం ఎంతో తేల్చే కలెక్టరు ఉత్తర్వు) వచ్చాక డబ్బు తీసుకునేటప్పుడు రసీదు మీద ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని రాయండి. ఆ ఒక్క మాట లేకపోతే పెంపు అడిగే హక్కు పోతుంది. అవార్డు రోజు మీరు హాజరై ఉంటే ఆరు వారాల్లో కలెక్టరుకు అర్జీ పెట్టాలి.

గ్రామసభలో రెండే అడగండి: 11 నోటిఫికేషన్ వెలువడ్డాకే విలీనం జరగాలి, నీళ్లకు, కాలువలకు ఎంత ఖర్చుపెడతారో, ఎప్పటికి పూర్తిచేస్తారో కార్పొరేషన్ రాసివ్వాలి. పంచాయతీ కార్యదర్శి సంతకంతో తీర్మానం నకలు అదే రోజు తీసుకోండి.